గూగుల్ యాడ్స్ కీవర్డ్ మ్యాచింగ్: కొత్తవాడ దర్రీల షాపులో ఏళ్లుగా వాడుతూ చెబుతున్న మాట

వరంగల్ కొత్తవాడలో మా చిన్నాయన వాళ్లది దర్రీల షాపు. మగ్గాల మీద నేసిన కాటన్ దర్రీలు, షత్రంజీలు అమ్ముతారు. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ గుర్తింపు, అంటే ఆ ఊరి ప్రత్యేక ఉత్పత్తి అన్న గుర్తింపు, వచ్చింది. వాటి కోసం హైదరాబాద్, బెంగళూరు నుంచి ఫోన్‌లో వెతికేవాళ్లు ఉన్నారు. వాళ్లకు గూగుల్‌లో మా యాడ్ కనిపించేలా చూసే పని నాది. ఏ మాటలు వెతికితే యాడ్ రావాలో మనం రాసిచ్చే మాటలే కీవర్డులు. ఇన్నేళ్లు వాడాక నాకు గట్టిగా అనిపించేది ఒక్కటే. ఏ కీవర్డులు పెట్టామన్నదాని కంటే, ఏ వెతుకులాటలకు యాడ్ రాకుండా ఆపామన్నదే డబ్బును కాపాడుతుంది.

వెతుకులాట మన కీవర్డుకు ఎంత దగ్గరగా ఉంటే యాడ్ రావాలో చెప్పేవి మ్యాచ్ టైపులు, అవి మూడు. కీవర్డును మామూలుగా రాస్తే బ్రాడ్ (దానికి సంబంధమున్న వెతుకులాటలన్నిటికీ), కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే ఫ్రేజ్ (ఆ మాటల అర్థం కలిసిన వాటికి), చదరపు బ్రాకెట్లలో పెడితే ఎగ్జాక్ట్ (అదే అర్థమున్న వాటికే). అయితే ఆ పేర్లు చూసి మోసపోవద్దు. ఎగ్జాక్ట్ అంటే ఒకప్పుడు నిజంగానే అవే మాటలు. 2014లో ఏకవచనం, బహువచనం, స్పెల్లింగ్ తేడాలు అందరికీ తప్పనిసరిగా కలిపేశారు. 2017లో మాటల వరుస మారినా సరే అన్నారు. 2018 నుంచి అర్థం ఒకటే అయితే చాలు, యాడ్ వస్తుంది. 2021లో, మాట ముందు ప్లస్ గుర్తు పెట్టి అది తప్పక ఉండాలని చెప్పే మోడిఫైడ్ బ్రాడ్‌ను ఎత్తేసి, దాని పనిని ఫ్రేజ్‌కు అప్పగించారు. పాత యూట్యూబ్ పాఠాల్లో ఇంకా ఆ ప్లస్ గుర్తే చెబుతుంటారు, వాటిని పట్టుకోకండి.

ఈ మార్పులన్నీ చెడ్డవని అనను. ఇంగ్లిష్‌లో దర్రీ అని టైప్ చేయమంటే హెచ్ పెట్టేవాళ్లు కొందరు, పెట్టనివాళ్లు కొందరు, చివర వై వేసేవాళ్లు కొందరు. అన్ని స్పెల్లింగులూ ఏరి ఏరి రాసే బాధ చాలావరకు తగ్గింది. తెలుగు లిపిలో వెతికేవాళ్ల కోసం మాత్రం విడిగా కీవర్డులు పెట్టాను.

అసలు చిక్కు బ్రాడ్‌తోనే. ‘వరంగల్ కార్పెట్లు’ అని బ్రాడ్‌లో నడిపినప్పుడు షాపుకు ఫోన్లు బాగానే పెరిగాయి. చిన్నాయన మాత్రం సాయంత్రం నన్ను పిలిచి, “కార్పెట్ కడుగుతరా అని అడుగుతున్నరు బిడ్డా, మనం అమ్ముతం గదా” అన్నాడు. జనం ఏం వెతికితే మన యాడ్ వచ్చిందో చూపే సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిస్తే వరుసగా కార్పెట్ క్లీనింగ్, సోఫా వాష్, కారు కార్పెట్, యోగా మ్యాట్. ప్రతి క్లిక్‌కూ మన డబ్బే. కార్పెట్ కడిగించాలనుకునే మనిషి దర్రీ ఎందుకు కొంటాడు?

ఇక్కడే నెగటివ్ కీవర్డులు, అంటే ఇవి ఉంటే యాడ్ రావొద్దని చెప్పే మాటలు, పనికొస్తాయి. కానీ మామూలు కీవర్డులకున్న ఉదారత వీటికి లేదు. ‘క్లీనింగ్’ అని నెగటివ్ పెడితే ‘క్లీన్’ ఆగదు, ‘వాష్’ అసలే ఆగదు. ఏకవచనం, బహువచనం, అదే అర్థమున్న వేరే మాటలు అన్నీ మనమే చేర్చాలి. స్పెల్లింగ్ తప్పులను మాత్రం 2024 నుంచి గూగులే చూసుకుంటోంది. ‘కార్’ అని నెగటివ్ పెడితే ‘కార్పెట్’ కూడా ఆగిపోతుందేమోనని మొదట్లో నాకు టెన్షన్. అలా జరగదు, అది పూర్తి మాటనే చూస్తుంది, ముక్కను కాదు. ఇంకోటి, బ్రాడ్ నెగటివ్‌లో రెండు మాటలు పెడితే ఆ రెండూ వెతుకులాటలో ఉంటేనే ఆగుతుంది, వాటి వరుస ఎలా ఉన్నా సరే. అందుకే ‘సోఫా వాష్’ అని జంటగా పెట్టడం కంటే ‘సోఫా’ ఒక్కటే పెట్టాను. మేం సోఫాలకు సంబంధించినదేదీ అమ్మం.

రిపోర్టులో అన్నీ కనబడవన్నది నాకు నచ్చని సంగతి. తగినంత మంది వెతికిన మాటలనే 2020 నుంచి చూపిస్తున్నారు. మిగతా క్లిక్కులకు డబ్బు కడతాం కానీ, ఆ మాటలేమిటో తెలియదు. చిన్న బడ్జెట్ వాళ్లకు ఇది నిజంగా బాధే. కనబడినంత వరకైనా వారానికోసారి చదవాల్సిందే.

లొకేషన్ సెట్టింగ్‌నూ వదిలేయకండి. మామూలుగా అది ఆ ఊళ్లో ఉన్నవాళ్లకే కాదు, ఆ ఊరి మీద ఆసక్తి చూపినవాళ్లకు కూడా యాడ్ చూపిస్తుంది. మాలాగా పార్సిల్ పంపేవాళ్లకు అది లాభమే. హన్మకొండలో క్లినిక్ నడిపేవాళ్లకు మాత్రం ఊళ్లో ఉన్నవాళ్లే కావాలి, మార్చుకోవాలి.

ప్రస్తుతం మాకు ఎక్కువగా నడుస్తున్నది ఫ్రేజ్. బాగా అమ్ముడుపోయే రకాలకు ఎగ్జాక్ట్ కూడా పెట్టాను. వెతికిన మాట, ఎగ్జాక్ట్ కీవర్డు అచ్చంగా ఒకటే అయితే దానికే మొదటి అవకాశం దక్కుతుంది. బ్రాడ్‌ను స్మార్ట్ బిడ్డింగ్‌తో, అంటే ఏ వెతుకులాటకు ఎంత డబ్బు పెట్టాలో గూగులే తేల్చే పద్ధతితో, కలిపి వాడమని సలహా ఇస్తుంటారు. ఆ సలహాలో అర్థముంది, ఏ క్లిక్ అమ్మకంగా మారిందో చూసే అది నేర్చుకుంటుంది. కానీ మన దగ్గర చాలా షాపుల్లో బేరం ఫోన్‌లో మొదలై వాట్సాప్‌లో ముగుస్తుంది, ఆ అమ్మకం గూగుల్ దాకా చేరదు. అమ్మకాల లెక్క దానికి అందించే ఏర్పాటు చేసుకునే దాకా బ్రాడ్ జోలికి పోవద్దనే నా మాట. కొత్త క్యాంపెయిన్ తెరిచినప్పుడు బ్రాడ్ ముందే ఆన్‌లో ఉండొచ్చు, డబ్బు కట్టే ముందు ఆ ఒక్క బటన్ చూసుకోండి.