సూర్యలంకలో పిట్టల ఫొటోలు: పొద్దున కాదు, సాయంత్రం పోండ్రి

జనవరిల రెండు రోజులు దొరికితే నేను, మా బామ్మర్ది కెమెరా బ్యాగులు వేసుకొని బాపట్ల కాడి సూర్యలంక బీచ్‌కు పోయినం. నల్గొండల నారాయణాద్రి రైలు ఎక్కితే బండి మారే పని లేకుండ బాపట్లల దిగొచ్చు, కాకపోతే దిగేసరికి అర్ధరాత్రి, ఆ టైంల బీచ్ దాకా 9 కిలోమీటర్లకు ఆటో అంటే వాళ్లు చెప్పిందే రేటు. అందుకే ఆ రాత్రి ఊళ్లనే ఓ లాడ్జిల పడుకున్నం. రూం చవకే, గీజర్ మాత్రం పని చెయ్యలే, 24 గంటలు వేడినీళ్లు అని బోర్డు ఉంది మళ్ల. రెండో రాత్రి బీచ్ పక్కనే తీసుకున్నం. రేటు డబుల్ పైనే, అయినా పిట్టల కోసమైతే అక్కడనే దిగుండ్రి.

మేం చేసిన తప్పేందంటే పొద్దుగాల ఆరింటికే పోయి ఒడ్డు మీద కూసున్నం. తూర్పు తీరం కదా, సూర్యుడు సముద్రం దిక్కు నుంచే వస్తడు, పిట్టలన్నీ బొగ్గుముక్కల్లెక్క వచ్చినయి. సాయంత్రం ఎండ మన వెనక నుంచి పడుతది, అప్పుడు చూడాలె! సాండర్లింగులని చిన్న ఒడ్డు పిట్టలుంటయి, అల వెనక్కి పోంగనే దాని వెంబడి ఉరుకుతయి, రెండు పొడుపులు పొడిచి, ఇంకో అల వస్తుంటే కాళ్లు కనపడనంత స్పీడుగ వెనక్కి. ప్లోవర్ అనే ఇంకో ఒడ్డు పిట్ట అట్ల కాదు, నాలుగడుగులు ఉరికి టక్కున ఆగుతది, ఆగినప్పుడే బటన్ నొక్కాలె. షట్టర్ స్పీడు సెకనుల 1/2000 వంతు పెట్టి ఇసుకల బోర్ల పడుకుంటేనే లెన్స్ దాని కంటి ఎత్తుకు వస్తది. నేనట్ల పడుకుంటే వల సర్దుకునే పెద్దాయన "ఏమైంది బాబూ, కళ్లు తిరిగాయా?" అని ఉరికొచ్చిండు. పిట్టల కోసమని చెప్తే, వీటిని తినరు గదా అన్నడు.

ఆదివారం మాత్రం వద్దు, జనం, కేకలు, ఒక్క పిట్ట నిలువది. ఆ రోజు మేం చీరాల దాటి వాడరేవు పోయినం, పడవలు ఒడ్డుకొచ్చే టైంకు గల్స్ అనే సముద్రపు పిట్టలు మస్తుగ ఉన్నయి, కానీ ఫ్రేముల ఎటు చూసినా తాళ్లు, ప్లాస్టిక్ డబ్బాలే. చేపల వేపుడు తినడానికైతే ఓకే.

లెన్స్‌కు కవర్ వెయ్యక జూం రింగుల ఇసుక పోయింది, తిప్పితే ఇప్పటికీ కరకర. బోర్ల పడుకునుడు ముందుగాల మన నల్గొండ పానగల్ ఉదయసముద్రం చెరువు కాడ నేర్చుకోవాల్సింది, నీళ్లు తగ్గినప్పుడు ఆ బురద మీద ఉల్లంకి పిట్టలు, తీతువలు ఎట్లాగూ తిరుగుతనే ఉంటయి, పైసా ఖర్చు లేదు.