మాంటెరే చల్లనీటికి ఏ వెట్‌సూట్? రెండు ముక్కలదా, ఒంటి ముక్కదా?

అండమాన్‌లోనో విశాఖ రుషికొండలోనో స్కూబా నేర్చుకుని, ఉద్యోగం మీద కాలిఫోర్నియా వచ్చిన మనవాళ్లు మాంటెరేలో దిగబోయే ముందు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "7 మిల్లీమీటర్ల సూటు సరిపోతుందా?" మన తీరాల్లో 3 మిల్లీమీటర్ల సూటుతో, ఒక్కోసారి ఉత్త టీషర్టుతో దిగినవాళ్లు మందం గురించే అడగడం సహజం. అయితే మాంటెరేలో అద్దెకు దొరికే సూట్లు కూడా ఎక్కువగా 7 మిల్లీమీటర్లవే. అదే మందం ఉన్న ఒక సూటులో ముప్పావుగంట హాయిగా గడుస్తుంది, మరొకదానిలో ఇరవై నిమిషాలకే పళ్లు టకటకలాడతాయి. అందుకే మందం కంటే ముందు అడగవలసినవి వేరే ఉన్నాయి. సూటు ఎన్ని ముక్కలు, జిప్పు ఎక్కడ, మెడ దగ్గర నీటిని ఆపేది ఏమిటి? రెండు ముక్కల ఫార్మర్ జాన్‌ను, ఒంటి ముక్క సెమీ డ్రైను ఏళ్ల తరబడి వాడాక ఇది రాస్తున్నాను.

ముందు నీటి సంగతి. మాంటెరే అఖాతంలో నీరు ఏడాదిలో ఎక్కువ భాగం 10 నుంచి 14 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. ఎండలు ముదిరితే నీరు వెచ్చబడుతుందన్న మన లెక్క ఇక్కడ చెల్లదు. వసంతంలో, వేసవి మొదట్లో వాయవ్య గాలులు తీరం వెంట వీస్తూ పైనీటిని సముద్రం లోపలికి నెట్టేస్తాయి. ఆ చోటును నింపడానికి లోతుల నుంచి చల్లని నీరు పైకి వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఒడ్డున ఎండ కాస్తున్నా నీటిలో చలి ఎముకలు కొరుకుతుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో కాస్త వెచ్చబడుతుంది, నీరు తేటపడుతుంది. సూటు కొనేవాళ్లు అక్టోబరులో అద్దెకు తీసుకుని చూసి నిర్ణయించుకోకూడదు, మేలో చూడాలి.

నేను మొదట వాడింది ఫార్మర్ జాన్. భుజాల మీద పట్టీలతో, చేతులు లేకుండా చీలమండల దాకా వచ్చే సూటు ఒకటి, దాని మీద చేతులున్న జాకెట్టు ఒకటి. రెండూ 7 మిల్లీమీటర్లవే కాబట్టి ఛాతీ, పొట్ట, నడుముల మీద 14 మిల్లీమీటర్ల నియోప్రీన్ (వెట్‌సూట్లు కుట్టే నురుగు రబ్బరు) పడుతుంది. లెక్క ప్రకారం చూస్తే వెట్‌సూట్లలో ఇంతకంటే వెచ్చనిది ఉండకూడదు. జాకెట్టు జిప్పు ముందు వైపు ఉంటుంది, ఎవరి సాయమూ లేకుండా వేసుకోవచ్చు. డైవ్ అయ్యాక జాకెట్టు తీసేసి పొడి స్వెట్టరు తొడుక్కుని వేడి టీ తాగవచ్చు. ధర తక్కువ. పొగమంచు పట్టిన మాంటెరేలో ఒంటి ముక్క సూటు రాత్రికి రాత్రి ఆరదు. ఈ రెండు ముక్కలను విడివిడిగా తిరగేసి ఆరేస్తే మర్నాటికి లోపలి వైపైనా కాస్త ఆరుతుంది. తెల్లవారుజామున తడి సూటులో కాలు పెట్టిన వాళ్లకే ఆ విలువ తెలుస్తుంది.

ఇన్ని సుగుణాలున్న సూటును మరి పక్కన పెట్టడమెందుకు? నీరు చొరబడే దారులు దానికి మరీ ఎక్కువ. జాకెట్టు ముందు జిప్పు, జాకెట్టు కింది అంచు, మెడ, మణికట్లు, చీలమండలు. ఊరికే తేలుతూ ఉంటే ఫరవాలేదు. కెల్ప్ అనే పొడవాటి సముద్రపు నాచు తీగలను పక్కకు తొలగించడానికి చేయి చాచినప్పుడో, రాతి కింద ఏముందో చూడడానికి వంగినప్పుడో లోపల అప్పటిదాకా వెచ్చబడిన నీరు బయటకు పోయి, వెన్ను మీదుగా కొత్త చల్లనీరు జారుతుంది. ఆ నీటిని వేడెక్కించడానికి ఒళ్లు మళ్లీ మొదటి నుంచి పని మొదలుపెట్టాలి.

వెట్‌సూటులో చేరిన నీటి పొరే మనల్ని వెచ్చగా ఉంచుతుందని చాలామంది నమ్మకం. నీరు గాలి కంటే పాతిక రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, అది దుప్పటి ఎలా అవుతుంది? వేడిని ఆపేది నియోప్రీన్‌లోని సన్నని వాయు బుడగలు. 1950ల మొదట్లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్ పట్టుకున్న కీలకం ఇదే. ఒళ్లు తడిసినా ఫరవాలేదు, బట్టలోనే వాయువు బంధించి ఉంటే చాలు. మాంటెరేకు రెండు గంటల దూరంలో పుట్టిన ఆలోచన అది. లోపలి నీటి పని ఒక్కటే, కదలకుండా ఉండడం. కదిలితే పైన ఎన్ని మిల్లీమీటర్లున్నా సగం శ్రమ వృథా.

సెమీ డ్రై అనే ఒంటి ముక్క సూటు ఈ కదలికనే ఆపడానికి కుట్టింది. పేరు చూసి పొడిగా ఉంటారనుకోకండి, ఇది వెట్‌సూటే. నా దానికి జిప్పు వీపు మీద ఒక భుజం నుంచి మరో భుజం దాకా అడ్డంగా ఉంటుంది. నీరు చొరని బరువైన జిప్పు. మణికట్ల దగ్గర, చీలమండల దగ్గర, మెడ దగ్గర నున్నటి నియోప్రీన్ పట్టీలు చర్మానికి అంటుకుంటాయి. కుట్లను ముందు జిగురుతో అతికి, సూది బట్టను పూర్తిగా గుచ్చి బయటకు రాకుండా కుట్టారు. దిగిన కొన్ని నిమిషాలకు ఒక గ్లాసు నీరు లోపలికి వస్తుంది, తర్వాత అదే ఉంటుంది. బ్రేక్‌వాటర్ దగ్గర అలలను ఆపే రాతి గోడ వెంట మెల్లగా వెళ్లి, పువ్వుల్లా కనిపించే తెల్లటి సముద్ర జీవులైన మెట్రిడియం అనిమోన్ల దగ్గర కాసేపు ఆగి తిరిగి వచ్చేదాకా ఫార్మర్ జాన్‌లో ఉన్నదానికంటే వెచ్చగా ఉంటాను. ఛాతీ మీద ఉన్నది సగం మందమే అయినా సరే.

ఇక్కడ మర్యాదకు అడ్డం వచ్చే ఒక విషయం చెప్పక తప్పదు. నీటిలో మునిగినప్పుడు కాళ్లు, చేతుల రక్తం ఛాతీ వైపు చేరుతుంది, చలి దానికి తోడవుతుంది. ఒంట్లో నీరు ఎక్కువైందనుకుని మూత్రపిండాలు పని పెంచుతాయి. ఫార్మర్ జాన్‌లో జరిగినది సముద్రంలో కలిసిపోతుంది. సెమీ డ్రైలో నీరు మారదని ఇప్పుడే పొగిడాను కదా, మిగతాది మీ ఊహకే వదిలేస్తున్నాను. దిగే ముందు మరుగుదొడ్డికి వెళ్లండి. అలాగని నీళ్లు తాగడం మాత్రం తగ్గించకండి, డైవర్లకు అది మంచిది కాదు.

తలను, మెడను కప్పే హుడ్డు విషయంలో నా అభిప్రాయం గట్టిది. విడిగా కొనే హుడ్డు కంటే, చేతుల్లేని బనీనుకు హుడ్డు కలిపి కుట్టినది సెమీ డ్రై లోపల వేసుకోవడం ఎంతో మేలు. మెడ దగ్గర రెండు పొరలు ఒకదానిలో ఒకటి ఇమిడి, నీరు వీపులోకి జారే దారి మూసుకుపోతుంది. ఛాతీ మీద మందం కూడా పెరుగుతుంది. హుడ్డు నడినెత్తిన చిన్న రంధ్రాలున్నాయో లేదో చూడండి, లేకపోతే లోపల గాలి చేరి తల పైకి లాగుతుంది. చెవిలోకి ఒక్కసారిగా చల్లనీరు పోతే కళ్లు తిరుగుతాయి కాబట్టి ఆ భాగం కొంచెం బిగువుగానే ఉండాలి. మెడ మాత్రం మరీ బిగుతైతే ప్రమాదం. పక్కనున్న రక్తనాళాల మీద ఒత్తిడి పడి గుండె వేగం తగ్గుతుంది, తల తేలిపోతుంది. దుకాణంలో తొడుక్కుని పది నిమిషాలు మెడ అటూ ఇటూ తిప్పి చూడాలి.

కొలతల దగ్గర మనలో చాలామందికి చిక్కు వస్తుంది. తయారు సూట్లు పొడవాటి కాళ్లూ చేతులూ ఉన్నవాళ్ల కోసం కోసినవి. ఐదడుగుల ఐదంగుళాల మనిషి నడుముకు సరిపోయే సూటు తొడిగితే మోకాళ్ల దగ్గర, మోచేతుల దగ్గర ముడతలు పడతాయి, నడుము వెనక పల్లంలో ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీయే నీటికి గిడ్డంగి. ముడతలను భరించవచ్చు, వెన్ను దగ్గర ఖాళీని భరించకూడదు. పొట్టివాళ్లకు వేరే కొలతలు ఉంటాయి, అడగండి. అవీ కుదరకపోతే కొలతలిచ్చి కుట్టించుకోవడమే దారి. ఖర్చు ఎక్కువే, కానీ చల్లనీటిలో ఆ డబ్బు మందానికి పెట్టడం కంటే ఒంటికి సరిగ్గా పట్టే కోతకు పెట్టడం మేలని నా లెక్క.

బరువులలో తేడా నడుముకు వెంటనే తెలుస్తుంది. నియోప్రీన్ తేలుతుంది, దాన్ని ముంచడానికి సీసం కావాలి. ఫార్మర్ జాన్‌తో నాకు పద్నాలుగు కిలోలు కావలసి వచ్చేవి, సెమీ డ్రైతో పదకొండు చాలు. ట్యాంకు, సీసం, తడి సూటు మోసుకుంటూ శాన్ కార్లోస్ బీచ్ మెట్లు ఎక్కేటప్పుడు ఆ మూడు కిలోలు మాట్లాడతాయి. లోతులో ఇంకో ఇబ్బంది ఉంది. పది మీటర్ల దగ్గర ఒత్తిడి ఉపరితలం కంటే రెట్టింపు, బుడగల్లోని వాయువు దాదాపు సగానికి కుంచించుకుంటుంది. ముప్పై మీటర్ల దగ్గర నాలుగో వంతు. మందం ఎంత ఎక్కువైతే తేలే గుణం అంత ఎక్కువగా మారుతుంది, బీసీడీలోకి (తేలడాన్ని సర్దుకునే గాలి జాకెట్టులోకి) గాలి నింపడం, వదలడం అంత ఎక్కువ అవుతుంది. చలి కూడా పెరుగుతుంది. వేడి ఎక్కువగా కావలసిన చోటే వెట్‌సూటు సన్నబడుతుంది.

అందుకే మాంటెరేకు దక్షిణాన ఉన్న పాయింట్ లోబోస్‌లో పాతిక మీటర్లు దాటి దిగేవాళ్లకు, రోజుకు మూడు డైవ్‌లు చేసేవాళ్లకు నా సమాధానం ఒంటికి నీరు తగలనివ్వని డ్రైసూట్. దానికి విడిగా శిక్షణ కావాలి, ఖరీదు ఎక్కువ, మెడ, మణికట్ల దగ్గర నీటిని ఆపే సీళ్లు చిరిగితే ఆ రోజు పోయినట్టే. పదిహేను మీటర్ల లోపల కెల్ప్ అడవిలో రోజుకు రెండుసార్లు తిరిగే నాలాంటి వాళ్లకు అది అవసరం అనిపించలేదు. చేతి గ్లౌజులు మాత్రం 5 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. థర్మాస్‌లో గోరువెచ్చని నీళ్లు తెచ్చి దిగే ముందు గ్లౌజుల్లో, బూట్లలో పోసుకుంటే తొలి పది నిమిషాల బాధ తప్పుతుంది.

మన్నిక. సెమీ డ్రైలో ముందుగా అరిగేవి మోకాళ్లు, తర్వాత మెడ పట్టీ. గోరు తగిలి పడ్డ చిరుగులకు నియోప్రీన్ జిగురు రెండు పూతలు వేసి, రెండు వైపులా ఆరనిచ్చి అదిమితే ఏళ్లు నిలుస్తుంది. జిప్పును ప్రతి డైవ్ తర్వాత మంచినీటితో కడిగి, తయారీదారు చెప్పిన మైనమో గ్రీజో రాయాలి, మడతపడేలా ఎప్పుడూ పెట్టకూడదు. జిప్పు పాడైతే మార్పించే ఖర్చుకు మరో పాత సూటే వస్తుంది. ఫార్మర్ జాన్‌లో ఇలాంటి భయం లేదు, దాని మామూలు జిప్పును ఎవరైనా మార్చగలరు. రెండింటినీ ఎండలో కాక నీడలో, వెడల్పాటి హ్యాంగరు మీద ఆరేయాలి.

పాతది కొనాలనుకుంటే కొన్ని పరీక్షలు చేయండి. ఛాతీ దగ్గర నియోప్రీన్‌ను బొటనవేలితో నొక్కండి. వెంటనే పైకి లేవకపోతే లోపలి బుడగలు చచ్చిపోయాయి, 7 అని రాసి ఉన్నా అది ఇక 7 కాదు. భుజాల దగ్గర సాగదీసి కుట్ల వెంట వెలుతురు కనిపిస్తుందేమో చూడండి. జిప్పును పూర్తిగా మూసి, పళ్లలో ఎక్కడైనా సందు ఉందా అని వేలితో తడిమి చూడండి. వాసన గురించి ఆందోళన అక్కర్లేదు, అది కడిగితే పోతుంది.