భారీ యంత్రాల మెకానిక్ కావడానికి ఐటీఐ, షెడ్డు, అప్రెంటిస్‌షిప్: ఏది మేలు?

రహదారుల పనులూ ఓపెన్‌కాస్ట్ గనులూ పెరిగినంతగా పొక్లెయిన్లను, డోజర్లను, డంపర్లను బాగుచేసేవారు పెరగలేదు. నడిపే ఆపరేటర్ దొరికినా, బూమ్ (యంత్రం పొడవాటి చెయ్యి) లేవకపోవడానికి కారణం హైడ్రాలిక్ పంపు అరగడమా, వాల్వు ఇరుక్కోవడమా అని తేల్చగల మనిషి దొరకక యంత్రం పని స్థలంలోనే నిలిచిపోతుంది. ఇటువంటివారిని తయారుచేయడానికి తెలుగు రాష్ట్రాల్లో ప్రధానంగా మూడు దారులున్నాయి.

పదో తరగతి తరువాత ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాది, మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లు ఉంటుంది. ఖర్చు తక్కువ, చేతికొచ్చే సర్టిఫికెట్‌కు దేశమంతటా గుర్తింపు ఉంటుంది. కొలతలు తీయడం, ఇంజిన్‌ను వరుస తప్పకుండా విప్పి బిగించడం అక్కడ బాగానే వస్తాయి. అయితే 20 టన్నుల పొక్లెయిన్ శిక్షణార్థుల ముందు నిలబడి ఉండే ఐటీఐ అరుదు.

విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల షెడ్డులో హెల్పర్‌గా చేరి మేస్త్రి దగ్గర నేర్చుకున్నవాడికి ఆ కొరత ఉండదు. పంపు గాలి పీలుస్తున్న సంగతి చప్పుడును బట్టే చెప్పగలడు. ఆ నేర్పును చిన్నచూపు చూడడం తగదు. కాని ఈ దారిలో రెండు లోపాలున్నాయి, మొదటిది ప్రాణానికే ముప్పు తెస్తుంది. పొక్లెయిన్ హైడ్రాలిక్ గొట్టాల్లో ఒత్తిడి సుమారు 350 బార్ దాకా, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 350 రెట్ల దాకా వెళ్తుంది. సూదిమొనంత రంధ్రంలోంచి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు, పైకి చిన్న గాటులా కనిపించినా వెంటనే శస్త్రచికిత్స జరగకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యే పోతుంది. లీకును చేత్తో కాక అట్టముక్కతో వెతకాలనీ, గొట్టం విప్పేముందు బకెట్‌ను నేలకు దించి ఒత్తిడి వదిలించాలనీ పట్టుబట్టి నేర్పే షెడ్లు తక్కువ. రెండోది, చక్రాలపై నడిచే నిర్మాణ యంత్రాలకు 2021 ఏప్రిల్‌లోనూ, మళ్లీ 2025 జనవరిలోనూ ఉద్గార నిబంధనలు కఠినమయ్యాక ఇంజిన్‌లో ఇంధనాన్ని కంప్యూటరే నియంత్రిస్తోంది; లోపం కోడ్ రూపంలో కనిపిస్తుంది, దాన్ని చదవడానికి కంపెనీ సాఫ్ట్‌వేర్ కావాలి.

సంస్థలో పనిచేస్తూ నేర్చుకునే అప్రెంటిస్‌షిప్‌లో అసలు యంత్రం, మాన్యువల్, సాఫ్ట్‌వేర్ మూడూ ఒకచోట దొరికే అవకాశం ఉంది. పైగా స్టైపెండ్ వస్తుంది. 2016లో మొదలైన జాతీయ పథకం కింద అందులో నాలుగో వంతును, నెలకు రూ.1,500 మించకుండా, కేంద్రం భరిస్తోంది. ఇక్కడా చిక్కులున్నాయి. శిక్షణ ముగిశాక ఉద్యోగం ఇవ్వాలన్న నిర్బంధం యజమానికి లేదు; ఏడాదంతా గ్రీజు పెట్టించి, కడిగించి పంపేసే సంస్థలూ లేకపోలేదు. అదీగాక, అప్రెంటిస్‌లను తీసుకోవడం 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలకే తప్పనిసరి కాబట్టి, రిపేర్లు ఎక్కువగా జరిగే చిన్న షెడ్లు ఈ నిర్బంధం కిందికి రావు.

నా అంచనాలో, ఇప్పుడే పదో తరగతి ముగించినవారికి ఐటీఐ తరువాత గనిలోనో యంత్రాల డీలర్ వర్క్‌షాపులోనో అప్రెంటిస్‌షిప్ చేయడమే మేలు. కొంతకాలం ఐటీఐలో, కొంతకాలం పరిశ్రమలో గడిపే ద్వంద్వ శిక్షణ అందుబాటులో ఉంటే అది ఇంకా మేలు. చేరేముందు ఏ యంత్రాలపై పని చేయిస్తారో, చేసిన పనిని లాగ్‌బుక్‌లో ఎవరు ధ్రువీకరిస్తారో అడిగి తెలుసుకోవాలి. ఇప్పటికే ఏళ్ల తరబడి షెడ్డులో పనిచేస్తున్నవారిని మళ్లీ తరగతి గదికి పంపడం వృథా. వారి అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకాల్లో ఉంది. దానికి భద్రత, ఎలక్ట్రానిక్ లోపనిర్ధారణలపై చిన్న కోర్సు జోడిస్తే, అన్నిటికన్నా త్వరగా పనికి అందివచ్చేది వారే.