క్రిస్మస్‌కి ఇంటిల్లిపాదీ చూడ్డానికి ఏ సినిమా మేలు?

డిసెంబర్ రెండో వారం దాటిందంటే నన్ను అడిగేవాళ్లు మొదలవుతారు. హైదరాబాద్‌లో ఉన్న మేనకోడలు, విశాఖలో ఉన్న తోడికోడలి పిల్లలు, చర్చిలో పక్క వరసలో కూర్చునే టీచరమ్మగారు, అందరిదీ ఒకటే మాట. "పండక్కి అందరం ఇంటికాడే ఉంటాం. మనసుకి హాయిగా ఉండే క్రిస్మస్ సినిమా ఏటున్నాది?" ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు ఈసారి రాసి పెడుతున్నాను.

నా దృష్టిలో పోటీ మూడింటి మధ్యే. 1990 నాటి 'హోమ్ అలోన్', 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన యానిమేషన్ సినిమా 'క్లౌస్', 1946 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'. మూడూ మంచివే. ఏది పెట్టినా పండగ పాడవదు. తేడా అంతా ఆ రోజు ఇంట్లో ఎవరెవరు ఉంటారన్న దాంట్లో ఉంది.

మన వైపు పండగంటే వెళ్లినవాళ్లు తిరిగి రావడం. చెన్నై, హైదరాబాద్‌లకు కూలి పనులకు, గుజరాత్ తీరానికి చేపల వేటకు, గల్ఫ్‌కి, అమెరికాకి మనుషులు వెళ్లని ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఎక్కడుంది? అలా వచ్చినవాళ్లు, ఏడాది పొడవునా ఇక్కడే ఉండి ఇల్లూ పొలమూ పెద్దవాళ్లనీ చూసుకున్నవాళ్లు, ఆ రెండు మూడు రోజులు ఒకే చాప మీద కూర్చుంటారు. వాళ్లిద్దరి మధ్యా చెప్పుకోని మాటలు చాలా ఉంటాయి. సినిమా వాళ్లలో ఒకరి కష్టాన్ని ఇంకొకరికి చూపించగలిగితే అదే మంచి క్రిస్మస్ సినిమా అంటాను. మంచు, చెట్టు, దీపాలు అన్నిట్లోనూ ఉంటాయి. నేను చూసేది మాత్రం ఇదొక్కటే.

'హోమ్ అలోన్' సంగతి ముందు. దొంగలకి ఆ పిల్లాడు పెట్టే తిప్పలు అందరికీ తెలుసు. ఇంగ్లీష్ ముక్క రాని నానమ్మ కూడా ఆఖరి అరగంట పడీ పడీ నవ్వుతుంది, మాటలతో పని లేదు కాబట్టి. కానీ ఆ సినిమాలో మనసుని పట్టుకునేవి వేరే రెండున్నాయి. ఒకటి తల్లి ప్రయాణం. పిల్లాణ్ణి ఇంట్లో మరిచిపోయామని తెలిశాక ఆమె పారిస్ నుంచి దొరికిన విమానమల్లా ఎక్కి, విమానాలు దొరకని చోట ఎవరో బ్యాండు వాళ్ల వ్యానులో కూర్చుని ఇంటికి చేరుతుంది. సికింద్రాబాద్‌లో తత్కాల్ దొరక్క, విశాఖ దాకా ఒక బండి, అక్కణ్ణుంచి ఇంకో బండిలో నిలబడి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగినవాళ్లకి ఆ తల్లి ఆరాటం చెప్పక్కర్లేదు. రెండోది పక్కింటి ముసలాయన మార్లే. కొడుకుతో మాటల్లేక, మనవరాలు క్వయర్‌లో పాడుతుంటే వినడానికి చర్చికి వచ్చి ఒంటరిగా కూర్చుంటాడు. ఆ చర్చి సీన్‌లో పెద్దాయనా, పిల్లాడూ ఒకరి భయం ఒకరు విప్పి చెప్పుకుంటారు. మన చర్చిల్లోనూ పిల్లల పాటలప్పుడు వెనక బెంచీలో అలా కూర్చునే పెద్దవాళ్లు కనిపిస్తారు. ఆ సీన్ కోసమే నేను దీన్ని ఎప్పుడు పెట్టినా కూర్చుంటాను.

లోటు ఏంటంటే, ఆ ఇంట్లో తల్లీ పిల్లాడూ తప్ప మిగతావాళ్లు మనకి పెద్దగా తెలియరు. అందరూ ఇల్లు చేరేసరికి కథ అయిపోతుంది. చేరాక ఒకరినొకరు ఏం మాట్లాడుకున్నారన్నది సినిమాకి పట్టలేదు.

'క్లౌస్' ఇంకో రకం. సెర్జియో పాబ్లోస్ తీసిన ఈ సినిమాలో బొమ్మలు చేత్తో గీసినవే. వాటి మీద పడే వెలుగునీ నీడనీ కొత్త పద్ధతిలో వేయడంతో ప్రతి ఫ్రేమూ దీపం పెట్టినట్టు ఉంటుంది. బ్రిటన్ సినిమా అవార్డు బాఫ్టా వచ్చింది, ఆస్కార్‌కి నామినేట్ అయింది. కథ ఉత్తర ధ్రువం వైపు ఒక మారుమూల ఊళ్లో జరుగుతుంది. ఊరు రెండు వర్గాలుగా చీలి తరతరాలుగా కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడికి శిక్షగా పంపిన పోస్ట్‌మ్యాన్ జెస్పర్, భార్య పోయి అడవిలో ఒంటరిగా బతికే వడ్రంగి క్లౌస్, బడికి పిల్లలే రాక ఆ బడిలోనే చేపలమ్ముకుంటున్న టీచర్ ఆల్వా. జెస్పర్ మంచివాడు కాబట్టి మంచి చేయడు. తన ఉద్యోగం కోసం, ఏడాదిలో ఆరు వేల ఉత్తరాల లెక్క పూర్తి చేసుకోవడం కోసం మొదలుపెడతాడు. క్లౌస్ చేసిన ఆటబొమ్మ కావాలంటే పిల్లలు ఉత్తరం రాయాలి, ఉత్తరం రాయాలంటే అక్షరాలు రావాలి. అలా పిల్లలు ఒక్కొక్కరే ఆల్వా దగ్గరికి వస్తారు. ఊరొదిలి వెళ్లిపోవడానికి దాచుకున్న డబ్బుని ఆమె బడికి ఖర్చు పెట్టేస్తుంది.

సీతంపేట కొండల్లోనో, పాచిపెంట వైపో మొదటి పోస్టింగ్ వచ్చిన టీచర్లకి ఈ సినిమా చూపించండి. ఆల్వా వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. ఎనిమిదేళ్లు దాటిన పిల్లలుంటే, ఇంట్లో చదువు చెప్పేవాళ్లుంటే 'క్లౌస్' తర్వాతే ఏదైనా. ముగింపులో ఎడబాటు ఉంది గానీ పిల్లల్ని బెదరగొట్టేది కాదు. గంటన్నర దాటి కాసేపే కాబట్టి 24 రాత్రి భోజనాలకీ అర్ధరాత్రి ప్రార్థనకీ మధ్య సరిగ్గా సరిపోతుంది. అయితే ఇది బయటి నుంచి ఊళ్లోకి వచ్చినవాళ్ల కథ. ఊళ్లోనే పుట్టి ఊళ్లోనే ఉండిపోయినవాళ్ల కథ కాదు.

ఆ కథ 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్'లో ఉంది.

ఫ్రాంక్ కాప్రా తీశారు, జేమ్స్ స్టూవర్ట్ హీరో. అయిదు ఆస్కార్ నామినేషన్లు వచ్చినా విడుదలైనప్పుడు పెట్టిన డబ్బు రాలేదు. 1974లో దాని కాపీరైట్ రెన్యువల్ చేయించకపోవడంతో అమెరికాలో చాలా టీవీ స్టేషన్లు హక్కుల డబ్బు కట్టకుండానే ప్రతి డిసెంబర్‌లో వేయడం మొదలుపెట్టాయి. సినిమా అలా ఇంటింటికీ చేరింది. చాలామంది దీన్ని దేవదూత సినిమా అంటారు. నాకు అది అన్నయ్య సినిమా.

జార్జ్ బెయిలీకి ప్రపంచమంతా తిరగాలని, పెద్ద పెద్ద వంతెనలు కట్టాలని కోరిక. బయల్దేరబోయే సమయానికి తండ్రి పోతాడు. తండ్రి నడిపిన చిన్న అప్పుల సొసైటీ మూతపడకూడదంటే తను ఉండాలి. ఉంటాడు. చదువు కోసం దాచుకున్న డబ్బుతో తమ్ముణ్ణి కాలేజీకి పంపుతాడు, వాడు తిరిగొచ్చి బాధ్యత తీసుకుంటాడన్న మాట మీద. తమ్ముడు పెళ్లి చేసుకుని, మామగారిచ్చే ఉద్యోగం మాటతో దిగుతాడు. రైల్వే స్టేషన్‌లో ఆ సంగతి విన్నప్పుడు స్టూవర్ట్ ముఖం చూడండి. తమ్ముడి మీద కోపం లేదు, సంతోషమే. ఆ సంతోషం వెనకే, తను ఇంక ఎక్కడికీ వెళ్లడన్న సంగతి అర్థమైపోయింది.

నేను విజయనగరంలో ఉంటాను. మా పుట్టిల్లు టెక్కలి దగ్గర. నాన్న పోయినప్పుడు మా పెద్దన్నయ్య డిగ్రీ ఆపేసి పొలంలోకి దిగాడు. మిగతావాళ్లం చదువుకున్నాం, తలో దిక్కు వెళ్లాం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో కొబ్బరీ జీడీ నేలకూలినప్పుడు మేమంతా డబ్బు పంపాం. కానీ అమ్మని భుజాల మీద పక్క డాబాకి చేర్చింది అన్నయ్య. ఎగిరిపోయిన రేకులు ఏరి తెచ్చి, కరెంటు లేని రోజుల్లో వీధి వీధంతటికీ తాగునీరు తెచ్చిందీ అన్నయ్యే. ఆయన లేకపోతే మా డబ్బు ఎవరి చేతికి చేరేది? సినిమా చివర్లో జార్జ్ నిరాశలో ఉన్నప్పుడు దేవదూత దిగొచ్చి, అతను పుట్టకపోయి ఉంటే ఆ ఊరు ఏమయ్యేదో చూపించేది ఇదే. మా ఇంట్లో ఆ సినిమా చూసిన రాత్రి, చిన్నన్నయ్య లేచి వెళ్లి పెద్దన్నయ్య పక్కన కూర్చున్నాడు. ఇంకే సినిమా వల్లా మా ఇంట్లో అలా జరగలేదు.

ఇంకో సీన్ ఉంది, డ్వాక్రా సంఘంలో పొదుపు కట్టే ఆడవాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేనిది. జనం సొసైటీ మీదికి వచ్చి మా డబ్బు మాకిచ్చేయమంటారు. డబ్బు పెట్టెలో లేదని, ఒకరి పొదుపు ఇంకొకరి ఇంటి గోడలయ్యిందని జార్జ్ నచ్చజెబుతాడు. అప్పుడే పెళ్లయిన అతనూ మేరీ హనీమూన్‌కి ఉంచుకున్న రెండు వేల డాలర్లనీ, ఎవరికి ఎంత అత్యవసరమో అంతే ఇచ్చి సర్దుతారు. ఆ డబ్బు బయటికి తీసి చూపించేది మేరీ. సినిమా అంతా జార్జ్ త్యాగం గురించి మాట్లాడుకుంటారు గానీ, మేరీ త్యాగం కూడా సమానమే. మన ఇళ్లలో ఉండిపోయిన అన్నయ్యల పక్కన వదినలు ఉన్నారు.

ఇబ్బందులూ చెప్పాలి. నిడివి రెండు గంటల పది నిమిషాలు. మాటలు ఎక్కువ, వేగంగా సాగుతాయి. ఇంగ్లీష్ రాని పెద్దవాళ్ల పక్కన ఎవరైనా కూర్చుని కథ చెబుతూ ఉండాలి. అంతకన్నా ముఖ్యమైంది: అప్పుల పాలై, పరువు పోతుందన్న భయంతో జార్జ్ ప్రాణం తీసుకోవాలని వంతెన మీదికి వెళ్తాడు. చిన్నపిల్లలు నిద్రపోయాకే పెట్టండి. ఇంట్లో ఎవరైనా అలాంటి బాధలో ఉంటే ముందు వాళ్లతో మాట్లాడండి, సినిమా తర్వాత. ఊళ్లో వాళ్లు డబ్బు పట్టుకుని వచ్చే ముగింపు మాత్రం ఎన్నిసార్లు చూసినా కళ్లు తడవకుండా ఉండదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. 1947 నాటి 'మిరకిల్ ఆన్ 34త్ స్ట్రీట్'లో శాంతా తాతగా వేసిన ఎడ్మండ్ గ్వెన్‌కి ఆస్కార్ వచ్చింది. కోర్టు సీన్లు బాగుంటాయి, తీరిక ఉంటే చూడండి. 'పోలార్ ఎక్స్‌ప్రెస్' రైలంటే ఇష్టపడే చిన్నపిల్లలకి. 'ఎల్ఫ్' నవ్వుకోవడానికి. 'లవ్ యాక్చువల్లీ' ఇంటిల్లిపాదీ చూసేది కాదు.

వీటిలో ఏసు పుట్టుక ఎక్కడని టీచరమ్మగారు అడిగారు, న్యాయమైన ప్రశ్నే. దానికి 2006లో వచ్చిన 'ది నేటివిటీ స్టోరీ' ఉంది. నజరేతు నుంచి బేత్లెహేముకి మరియా యోసేపుల ప్రయాణం నెమ్మదిగా, గౌరవంగా చూపించారు. తెలుగులోనే కావాలంటే 1978లో వచ్చిన విజయచందర్ 'కరుణామయుడు' పెద్దవాళ్లకి ఇప్పటికీ సాటిలేనిది.

నేనైతే 24 రాత్రి 'క్లౌస్', 25 మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల కోసం 'హోమ్ అలోన్', ఆ రాత్రి పెద్దవాళ్లం మిగిలినప్పుడు 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' పెడతాను. ఒక్కటే చూడగలమంటే ఆ చివరిదే. రంగులద్దిన ప్రింటు కూడా దొరుకుతుంది, అది వద్దు. బ్లాక్ అండ్ వైట్‌దే వెతికి పెట్టుకోండి. దేవదూత కిందికి దిగేది మూడొంతుల సినిమా గడిచాకే కాబట్టి, మొదటి గంటలో ఎవరైనా ఆవలిస్తే టీ పెట్టివ్వండి గానీ ఆపకండి.