మన్ననూర్ రోడ్డు మీద తేనె షాపు, తేనె సూపర్, ఒక లోటుంది

శ్రీశైలం పోయే రోడ్డు మీద మన్ననూర్ దగ్గర ఉంటది ఈ చిన్న షాపు, నల్లమల తేనె, జిగురు, కుంకుడుకాయలు, మోదుగాకు విస్తర్లు దొరుకుతయి. తేనె మాత్రం చానా మంచిగుంది, చిక్కగా, ముదురు రంగుల, చివర్ల కొంచెం వగరు తగుల్తది, చెంచులు తెచ్చిందే అన్నరు, పట్టుల తేనె ఉన్న భాగమే కోసి ఈగ పిల్లలున్నది వదిలేస్తరంట, ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. 1988 జాతీయ అటవీ విధానం గూడ అడవిల బతికేటోళ్ల అవసరాలే ముందు అంటది, 2006 అటవీ హక్కుల చట్టమైతే తేనె, జిగురు లాంటి వాటి మీద వాళ్లకు యాజమాన్య హక్కే ఇచ్చింది. 2030 కల్లా చేరాలని ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 17 లక్ష్యాలల్ల మొదటిది పేదరికం పోవాలని, 15వది అడవులు, జీవజాతులు మిగలాలని, ఇసొంటి షాపు సరిగ్గా నడిస్తే రెండిటికీ పనికొస్తది, కానీ పైసలు తెచ్చినోళ్లకు చేరాలె గదా.

లోటు అదే. డబ్బా మీద ఏ పెంట (చెంచుల గూడెం) నుంచి వచ్చింది, కిలోకు వాళ్లకెంత ఇచ్చిండ్రు అని రాయలే, కౌంటర్ల అడిగితే తెల్వదన్నరు. పులుల అడవి పక్కన ప్లాస్టిక్ డబ్బాలు ఎందుకన్నా, గాజు సీసాలు పెట్టుండ్రి, పది రూపాయలు ఎక్కువైనా కొంటం. 4 స్టార్లు. విస్తర్లు గూడ తీస్కోండి, గట్టిగున్నయి.