రెండ్రోజులు బతికే పురుగు కోసం మూడ్రోజులు స్మోకీ కొండల్లో

మా బావమరిదికి ఫ్లై ఫిషింగ్, అంటే పురుగులా కనిపించే నకిలీ ఎర (ఫ్లై)తో చేపలు పట్టడం, పిచ్చి. మార్చి నెలాఖరు వస్తే చాలు, "బావా, క్విల్ గోర్డన్లు లేచే టైమైంది, పోదాం పద" అని ప్రాణం తీస్తాడు. ఈసారి పిల్లల స్ప్రింగ్ బ్రేక్ కలిసొచ్చింది. టెన్నెసీ వైపు నుంచి గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి బయల్దేరాం, అట్లాంటా నుంచి నాలుగు గంటల డ్రైవ్.

క్విల్ గోర్డన్ అంటే చేపలవాళ్లు పెట్టుకున్న పేరు. పుస్తకాల్లో ఎపియోరస్ ప్లూరాలిస్. మేఫ్లై జాతి. మన తొలకరి ఉసిళ్లలాగే ఇదీ రెక్కలతో గుంపులుగా పైకి లేస్తుంది. రెక్కలొచ్చాక దీని బతుకు ఒకటి రెండ్రోజులే, తినడానికి పనికొచ్చే నోరు కూడా ఉండదు. కానీ ఉసిళ్లకీ దీనికీ చుట్టరికం లేదు. అంతకుముందు ఏడాది దాకా వేగంగా పారే చల్లటి వాగులో రాళ్లకి కరుచుకుని ఉంటుంది.

మొదటి రాత్రి పార్కు పక్క ఊరు గాట్లిన్‌బర్గ్‌లో మోటెల్. పడక బాగుంది, వేడినీళ్లు బాగున్నాయి. పొద్దున ఊరు దాటడానికే ముప్పావు గంట పట్టింది. పాన్‌కేక్ హోటళ్ల ముందు క్యూలు చూస్తే మనం వచ్చింది కొండలకా, తిరునాళ్లకా అనిపిస్తుంది.

ఆ రోజుకి గైడ్‌ని మాట్లాడుకున్నాం. మనిషి మంచివాడు, ఓపిగ్గా నేర్పాడు, ధర మాత్రం గట్టిగానే ఉంది. మా తెలివితక్కువతనం ఏంటంటే పొద్దుటి సగం పూట తీసుకోవడం. మధ్యాహ్నం పన్నెండుకి ఆయన సామాను సర్దుకుని వెళ్లిపోయాడు. పురుగు లేచింది ఒంటిగంటన్నరకి! నీళ్లు పది డిగ్రీల సెల్సియస్‌కి చేరితేగాని ఇది కదలదు, ఏప్రిల్ మొదట్లో అది మధ్యాహ్నం మాటే. కాబట్టి గైడ్ కావాలంటే రెండో పూటే తీసుకోండి.

చాలా మేఫ్లైలు నీటి పైకొచ్చి పొట్టు విడుస్తాయి. ఇది అడుగునే విడిచి, రెక్కలతో సహా పైకి తేలుతుంది. సన్నగా జల్లు పడుతోంది, చలికి రెక్కలు తొందరగా ఆరక నీటి మీదే బూడిదరంగు తెరచాపల్లా కొట్టుకుపోతున్నాయి. ట్రౌట్ చేపలు ఒక్కోదాన్నీ గుటుక్కుమనిపిస్తున్నాయి. బావమరిది గాలం వేయడం మర్చిపోయి నిలబడ్డాడు.

మిగిలిన రెండు రాత్రులూ ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్‌లో. గాట్లిన్‌బర్గ్‌కి ఎనిమిది మైళ్లే, లిటిల్ రివర్ పక్కనే. షవర్లు లేవు, కరెంటు లేదు, మాకు ఫోన్ సిగ్నల్ దొరకలేదు. ఎలుగుబంట్ల భయానికి పులిహోర డబ్బాతో సహా తిండంతా కారులో పెట్టి తాళం వేయాలి. బయటి తెగుళ్లు రాకుండా కట్టెలు కూడా వేడిచేసి ముద్ర వేసినవే తేవాలి. మా ఆవిడ మొదట మొహం ముడిచింది. రాత్రంతా వాగు చప్పుడు వింటూ పడుకున్నాక మోటెల్ ఊసెత్తలేదు. నా ఓటూ దీనికే: పురుగు లేచే చోటుకి నడిచి వెళ్లొచ్చు, మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కోం.

పార్కులోకి ప్రవేశానికి డబ్బు లేదు గానీ, పావుగంటకి మించి బండి ఆపాలంటే పార్కింగ్ ట్యాగ్ కొనాలి, రోజుకి 5 డాలర్లు. టెన్నెసీ ఫిషింగ్ లైసెన్స్ ఉంటే పార్కంతా చేపలు పట్టొచ్చు, నిజమైన ఎర మాత్రం పనికిరాదు, ఒక్క కొక్కెం ఉన్న ఫ్లై గానీ వేరే నకిలీ ఎర గానీ వాడాలి.

మా చిన్నది పిల్లపురుగుల్ని చూద్దామని రాయి ఎత్తబోయింది. వాగులో రాళ్లు కదిలించడం ఇక్కడ నిషేధం. ఒడ్డున బోర్లా పడుకుని తేట నీళ్లలోకి చూస్తే రాతికి అతుక్కున్న చదునైన ఒళ్లు, రెండు తోకలు కనిపించాయి. మేఫ్లై పిల్లల్లో ఎక్కువవాటికి మూడుంటాయి.

చివరి సాయంత్రం ఒకటి మా టెంటు మీద వాలింది. రెక్కలొచ్చాక కూడా మరోసారి పొర విడిచే పురుగులు మేఫ్లైలు తప్ప వేరే లేవు. పొద్దున చూస్తే రెక్కల ఆకారంతో సహా పల్చటి పొర మిగిలింది. చిన్నది దాన్ని డబ్బీలో దాచుకుంటానంది. పార్కులోంచి ఏదీ తీసుకుపోకూడదని వాళ్ల మామయ్య ఒప్పుకోలేదు.