రూకీ తడబడుతుంటే ఆడించడం మేలా, కూర్చోబెట్టడం మేలా?

ఆదివారం పొద్దున్న బాస్కెట్‌బాల్ ఆట అయ్యాక ఏయూ గ్రౌండ్స్ బయట టీ తాగుతూ మేం పడే గొడవ చాలాకాలంగా ఒకటే. అమెరికా లీగ్ ఎన్‌బీఏలో జట్లు ఏటా కొత్త కుర్రాళ్లని వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఒకడు మూడో నంబరున వచ్చాడు, రూకీగా, అంటే మొదటి ఏడాదే, తేలిపోయాడు. వాడిలో సరుకుందా? ఉంటే దాన్ని బయటికి తీసే పద్ధతి ఏది? తప్పులు చేస్తున్నా ఆడిస్తూ ఉండడమా, పక్కన కూర్చోబెట్టి తీరిగ్గా నేర్పడమా?

మాలో ఇద్దరివి గట్టి గొంతులు. ఒకరు ఒకప్పుడు యూనివర్సిటీకి ఆడిన పెద్దాయన. అందరం మాస్టారు అంటాం. ఇంకొకడు స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసే తమ్ముడు. వాడికి బి షిఫ్ట్ పడితే పండగే. శీతాకాలంలో పోర్ట్‌లాండ్ సొంత గడ్డ మీద రాత్రి ఏడింటికి ఆడే మ్యాచ్ మనకి పొద్దున్న ఎనిమిదిన్నరకి మొదలవుతుంది కదా, ఆఫీసులకి పోయేవాళ్లం మేం మొదటి క్వార్టర్‌తో సరిపెట్టుకుంటే వాడు చివరిదాకా చూస్తాడు. ఆడిస్తూనే ఉండాలని స్కూట్ హెండర్సన్ తరఫున వాదించేది వాడే. కూర్చోబెట్టడమే మేలని మాస్టారు రీడ్ షెపర్డ్‌ని ఉదాహరణగా చూపిస్తారు.

ఇద్దరూ మూడో నంబరు కుర్రాళ్లే. స్కూట్ 2023లో పోర్ట్‌లాండ్‌కి వచ్చాడు, షెపర్డ్ 2024లో హ్యూస్టన్‌కి. కానీ వాళ్లు అడుగుపెట్టిన ఇళ్లు వేరు. పోర్ట్‌లాండ్ అప్పుడే తన స్టార్ డేమియన్ లిలార్డ్‌ని వదులుకుని ఖాళీ అయిన ఇల్లు. ఆ ఏడాది 21 గెలిచి 61 ఓడింది. హ్యూస్టన్ మాత్రం షెపర్డ్ వచ్చిన ఏడాదే 52 మ్యాచ్‌లు గెలిచి వెస్ట్ విభాగంలో రెండో స్థానంలో నిలిచింది. అక్కడ కొత్త కుర్రాడి తప్పులు భరించే ఓపికా లేదు, అవసరమూ లేదు.

బంతి నడిపే పాయింట్ గార్డు స్కూట్‌కి మొదటి ఏడాది మ్యాచ్‌కి 28 నిమిషాల పైనే దొరికాయి. 14 పాయింట్లు, 5.4 అసిస్టులు, అంటే తోటివాడు పాయింట్లు వేసేలా ఇచ్చిన పాస్‌లు. వినడానికి బాగానే ఉంది. కానీ వేసిన షాట్లలో పడినవి 38.5 శాతమే, పైగా మ్యాచ్‌కి మూడు దాటి టర్నోవర్లు, అంటే అవతలివాళ్లకి పోగొట్టిన బంతులు. "ఏటి గురూ, పాయింట్ గార్డువి, ముప్పై ఎనిమిది శాతం ఏటి?" అని మాస్టారు ఆ అంకె ఒక్కటే పట్టుకుని ఏడాదంతా ఏడిపించారు తమ్ముణ్ణి.

నేను కూర్చుని చూసిన మ్యాచ్‌లలో నన్ను పట్టేసింది వేరే విషయం. పొడుగాటి వాడొకడు స్క్రీన్ పెడతాడు, అంటే స్కూట్‌ని కాసేవాడి దారికి అడ్డంగా నిలబడతాడు. స్కూట్ బంతితో ఆ భుజం రాసుకుంటూ వస్తాడు. ఇతనికి త్రీ, అంటే దూరంనుంచి వేసే మూడు పాయింట్ల షాట్, పడదని తెలుసు కాబట్టి కాపలా వాడు స్క్రీన్ పైనుంచి వెంటపడడు, కిందనుంచే తిరిగొచ్చి దారికి అడ్డంగా నిలబడతాడు. అవతలి సెంటర్ కూడా వెనక్కి తగ్గి రింగు ముందు కాచుకుంటాడు. స్కూట్ వేగం అంతా ఇంతా కాదు, ఆ ఇద్దరి మధ్యకి దూసుకెళ్లి గాల్లోకి లేచేస్తాడు. లేచాక ఆలోచిస్తాడు, బంతి ఎవరికివ్వాలా అని. ఆ పాటికి మూలలో ఉన్నవాడి దారి మూసుకుపోయి ఉంటుంది, బంతి అవతలివాడి చేతిలో పడుతుంది. ఇదే తప్పు నవంబరులో చూశాను, జనవరిలోనూ చూశాను. సీజన్ చివరికొచ్చేసరికి మాత్రం కాళ్లు నేల మీదుండగానే ఒక్క క్షణం ఆగడం మొదలుపెట్టాడు. కాపలా వాణ్ణి వీపున ఆపుకుని, సెంటర్ ఎటు కదులుతాడో చూసి, అప్పుడు పాస్ ఇచ్చాడు. నాకు కావలసింది అదే. ఎవరూ అడ్డం లేకుండా వేసే ఫ్రీ త్రోలు 80 శాతం పైన పడుతున్నాయి కాబట్టి చేతిలో షాట్ లేదన్న మాటా నేను నమ్మలేదు. రెండో ఏడాది త్రీల శాతం 32.5 నుంచి 35 దాటింది, 2025 జనవరిలో బ్రూక్లిన్ మీద 39 పాయింట్లు కొట్టాడు. పెద్ద ఆటగాడైపోయాడని నేననను. నేర్చుకుంటున్నాడని మాత్రం అంటాను.

ఇక షెపర్డ్. కెంటకీ యూనివర్సిటీలో త్రీలు 52 శాతం వేసినవాడు. అలాంటి చేయి అరుదు. అయినా హ్యూస్టన్ కోచ్ ఇమే ఉడోకా మ్యాచ్‌కి పన్నెండు నిమిషాల పైచిలుకే ఇచ్చాడు, అదీ కొన్నిసార్లు అసలు లేదు. కారణం తెలిసిందే. ఆరడుగుల రెండంగుళాల కుర్రాడు, అవతలి జట్లు వెతికి మరీ అతని మీదకే వచ్చేవి. సగటున 4.4 పాయింట్లు, షాట్లలో పడినవి 35 శాతం. మధ్యలో ఎన్‌బీఏ కింది లీగైన జీ లీగ్‌కి పంపారు. అక్కడ రియో గ్రాండే వ్యాలీ వైపర్స్ తరఫున ఒకే మ్యాచ్‌లో 49 పాయింట్లు కొట్టాడు. 2025 మార్చిలో ఓక్లహామా సిటీ మీద మొదటిసారి స్టార్టింగ్ ఐదుగురిలో ఆడిస్తే 25 వేశాడు. తర్వాతి సీజన్‌కి ముందు హ్యూస్టన్ పాయింట్ గార్డు ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌కి మోకాలి లిగమెంట్ తెగడంతో షెపర్డ్ నిమిషాలు ఒక్కసారిగా రెట్టింపయ్యాయి, షాటూ తిరిగొచ్చింది. "చూశావా, ఊరబెట్టిన ఆవకాయ" అంటారు మాస్టారు.

ఆ మాట సగమే ఒప్పుకుంటాను. షెపర్డ్ ముఖ్యంగా షూటరు. షాట్ ఒంటరిగానైనా నేర్చుకోవచ్చు. ఖాళీ కోర్టు, ఒక బంతి, తీసిచ్చేవాడొకడు ఉంటే రోజుకి ఐదొందలు వేసుకోవచ్చు. బెంచ్ మీద కూర్చున్నా ఆ చేయి చెడిపోదు. స్కూట్ చేయాల్సిన పని అలా రాదు. కాపలా వాడు ఏ వైపు నుంచి వస్తాడు, సెంటర్ ఎంత వెనక్కి తగ్గుతాడు, మూలలో ఉన్నవాడికి బంతి ఏ క్షణంలో వదలాలి, ఇవన్నీ పదిమంది కదులుతుంటేనే తెలుస్తాయి. అందుకే మూడో నంబరు కుర్రాళ్లందరికీ ఒకే మందు పనిచేయదు. బంతి నడిపేవాణ్ణి ఆడించాలి, ఓడినా సరే ఆడించాలి. షూటర్ని కొన్నాళ్లు ఆపినా నష్టం లేదు, కాకపోతే జీ లీగ్ లాంటి చోట చెమట పట్టనివ్వాలి.

ఉత్త బెంచ్ ఎంత చేటో 2004 డెట్రాయిట్ చూస్తే తెలుస్తుంది. 2003 డ్రాఫ్ట్‌లో రెండో నంబరున డార్కో మిలిసిచ్‌ని తీసుకున్నారు. అతని తర్వాత పిలిచిన పేర్లు కార్మెలో ఆంథొనీ, క్రిస్ బాష్, డ్వేన్ వేడ్. డార్కో ఆ ఏడాది ఛాంపియన్ జట్టులో ఉన్నాడన్న మాటే గానీ సగటు 1.4 పాయింట్లు. నిమిషాలు దొరికితే గదా. ఇప్పటిలా కింది లీగ్‌కి పంపి ఆడించుకునే ఏర్పాటు కూడా అప్పుడు లేదు. తర్వాత వేరే జట్లకి వెళ్లినా నిలదొక్కుకోలేకపోయాడు.

అదే జట్టులో ఫైనల్స్ ఎంవీపీ, అంటే అత్యుత్తమ ఆటగాడు, ఎవరు? చాన్సీ బిలప్స్. అతనూ మూడో నంబరే, 1997లో బోస్టన్ తీసుకుంది. 51 మ్యాచ్‌లకే ఇక లాభం లేదనుకుని టొరంటోకి ఇచ్చేసింది. అక్కణ్ణుంచి ఊళ్లు పట్టుకు తిరిగి, ఏడో సీజన్‌లో డెట్రాయిట్ తరఫున ఫైనల్స్‌లో లేకర్స్ జట్టుని ఓడించాడు. రూకీ ఏడాది స్కూట్‌కి కోచ్ కూడా ఆయనే. తొందరపడి వదిలించుకోవడమన్న మూడో దారి గురించి నాకు వాదనే అక్కర్లేదు. మూడింటిలో అదే చెడ్డది.

ఓపిక పడితే ప్రతివాడూ పైకొస్తాడని మాత్రం అనను. 2013లో ఒకటో నంబరు ఆంథొనీ బెనెట్. క్లీవ్‌లాండ్‌లో 4.2 పాయింట్లు, ఏడాదికే పంపేశారు, నాలుగు సీజన్లలో ఎన్‌బీఏ నుంచే వెళ్లిపోయాడు. అదే డ్రాఫ్ట్‌లో పదిహేనో నంబరు యానిస్ అడెటకుంబో మొదటి ఏడాది వేసింది 6.8. ఇద్దరి మధ్యా తేడా 2.6 పాయింట్లు! ఆ ఏడాది రూకీ ఆఫ్ ద ఇయర్ ఇద్దరూ కాదు, 16.7 వేసిన మైకేల్ కార్టర్ విలియమ్స్. ఆ తర్వాత అంత సగటు అతను మళ్లీ చూడలేదు. యానిస్ 2019లో, 2020లో వరసగా ఎంవీపీ. కాబట్టి మొదటి ఏడాది సగటు చూపించి భవిష్యత్తు చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. అదే తప్పు మార్చిలో కూడా అదే తీరున చేస్తున్నాడా, లేదా? నేను చూసేది అదొక్కటే.

ఇంత పట్టుగా చెప్పడానికి నాకు ఇంట్లోనే కారణం ఉంది. మా మేనల్లుడు ఇంటర్ కుర్రాడు, పాయింట్ గార్డ్. కాలేజీ టీమ్‌లో చేరిన మొదటి మ్యాచ్‌లోనే వరసగా నాలుగు బంతులు పోగొట్టాడని మిగతా ఏడాదంతా బెంచ్ మీదే ఉంచారు. వాటర్ బాటిళ్లు అందించడం బాగా వచ్చింది, పాస్ ఇవ్వడం రాలేదు. ఇప్పుడు ఆదివారాలు మాతో వస్తున్నాడు. పోయినవారం తమ్ముడు ఊరుకోకుండా బంతి వాడి చేతికే ఇచ్చి, "పోతే పోనీ, నువ్వే తేవాలి" అన్నాడు. సముద్రపు గాలికి అరచేతులు జిడ్డుగా ఉంటాయి, సిమెంటు కోర్టు, ఒక రింగుకి నెట్ కూడా లేదు. మొదటి మూడు సార్లూ బంతి గోడవతలికే. నాలుగోసారి స్క్రీన్ దాటాక ఆగి తలెత్తి చూశాడు. పాస్ మూలలో ఉన్న మాస్టారి చేతుల్లోకి వచ్చింది.

మాస్టారు ఆ షాట్ మిస్ చేశారు. టీ దగ్గర మాత్రం కుర్రాడికి ఇంకో ఆర్నెల్లు కూర్చోబెట్టి నేర్పాలనే అన్నారు.